ఇంకో రైఫిలా?

ఇంకో ఎయిర్ రైఫిల్ కొంటానన్నందుకు పదిహేను రోజులుగా ఇంట్లో ఒకటే గొడవ. "ఉన్న తుపాకీ పేలడం లేదా?" అంటుంది మా ఆవిడ. పేలుతుంది. కానీ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క వెడల్పు 0.5 మిల్లీమీటర్లే! నా పాత స్ప్రింగ్ రైఫిల్ కుదుపుకి గురి చెదిరిపోతోంది. నేను కొంటానంటున్నది గాలి సిలిండర్‌తో పేలేది, అది అంత కుదపదు. బయటికొచ్చే పెల్లెట్ (చిన్న సీసం గుండు) శక్తి 20 జూల్స్ లోపు, గొట్టం లోపలి వెడల్పు 4.5 మిల్లీమీటర్లు అయితే మన దేశంలో లైసెన్సు అక్కర్లేదని రూల్స్ చూపించాను. "తుపాకీ తుపాకీయే, ఇంట్లో చిన్నపిల్లాడు ఉన్నాడు" అంది. ఆ భయం నాకూ ఉంది, అందుకే పెల్లెట్లు వేరే బీరువాలో పెట్టి తాళం వేస్తున్నా. డబ్బు సంగతైతే సర్దుకుంటాను. వారమంతా ఆఫీసు టెన్షన్. ఆదివారం గురి చూసి కాల్చే ఆ రెండు గంటలే నా బుర్ర నిలకడగా ఉండేది. అది చెప్పబోతే వంటింట్లోకి వెళ్లిపోతుంది.