ఆమెన్ తర్వాత మొదటి మాట

కొన్నేళ్ల కింద ఒక రాత్రి భోజనాల దగ్గర ప్రార్థన నేనే చేశాను, కాస్త పొడుగ్గానే చేశాను, ఈ ఆహారం ఇచ్చినందుకు స్తోత్రం ప్రభువా, ఈ కుటుంబాన్ని ఇచ్చినందుకు స్తోత్రం, తిండి లేనివాళ్లని జ్ఞాపకం చేసుకో అంటూ. ఆమెన్ అన్నాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని "ఉప్పు తక్కువైనట్టుందే" అన్నాను. మా ఆవిడ ఏమీ అనలేదు, లేచి వెళ్లి ఉప్పు తెచ్చి పెట్టింది. గొడవేం జరగలేదు, అందరం తిన్నాం, ఎవరి పని వాళ్లు చూసుకున్నాం. కానీ ఆ స్తోత్రానికీ ఈ ఉప్పుకీ మధ్య ఉన్నది ఒకే ఒక్క ఆమెన్ కదా అన్న ఆలోచన మాత్రం నన్ను చాలా రోజులు వదల్లేదు.

ఎందుకంటే ఇది నా ఒక్కడి సంగతి కాదు అనిపిస్తుంది. విశ్వాసుల ఇళ్లల్లో కృతజ్ఞత అంటే పైకి చెప్పేది, పక్కకి చెప్పేది కాదు. ఇంట్లోవాళ్లకి థ్యాంక్స్ ఏంటి, బయటివాళ్లమా అంటాం. చర్చిలో సాక్ష్యాలు, అంటే దేవుడు తమకి చేసిన మేలు, చెప్పే టైమ్ వస్తే జబ్బు తగ్గింది, ఉద్యోగం వచ్చింది, యాక్సిడెంట్ తప్పింది అని చెప్తాం, అవి చెప్పాల్సినవే, నేనేం కాదనట్లేదు. కానీ ఎవరైనా లేచి నిలబడి "ఈ వారమంతా మా అమ్మ మాకంటే గంట ముందే లేచింది, అందుకు దేవునికి స్తోత్రం" అనడం నేనైతే ఇంతవరకూ వినలేదు. అద్భుతం అంటే రొటీన్ ఆగిపోయినప్పుడు జరిగేది అని మనసులో ఎక్కడో ఫిక్స్ అయిపోయాం, రొటీన్ ఆగకుండా నడవడం వెనక ఎవరి నడుం విరుగుతుందో చూడం.

మార్కు సువార్త 7వ అధ్యాయంలో యేసు పరిసయ్యుల్ని, అంటే ఆచారాలు పట్టుగా పాటించే ఆనాటి యూదు మతపెద్దల్ని, గట్టిగా నిలదీసిన చోటు ఒకటుంది, కుటుంబం గురించి మాట్లాడేటప్పుడు దాన్ని ఎందుకో తక్కువ వాడతాం. అమ్మానాన్నలకి అందాల్సిన సాయాన్ని "ఇది కొర్బాను" అనేస్తే సరిపోయేదట, అంటే దేవుడికి అర్పించేశాను, ఇక మీకివ్వడానికి లేదు అని. వినడానికి ఎంత భక్తిగా ఉంటుందో చూడండి. యేసు దాన్ని భక్తి అనలేదు, మీ పారంపర్యాచారం కోసం దేవుని వాక్యాన్నే నిరర్థకం చేస్తున్నారు అన్నాడు. నాకైతే ఆ భోజనాల దగ్గర నేను చేసింది కూడా చిన్న సైజు కొర్బానే. ఆవిడకి అందాల్సిన మాట ఒకటుంది, దాన్ని నేను దేవుడికి అర్పించేశాను, ఆవిడకి మిగిలింది ఉప్పు.

మొదటి తిమోతి 5:4లో ఇంకా సూటిగా ఉంటుంది. పిల్లలు, మనవలు "మొదట తమ యింటివారియెడల భక్తి కనుపరచుటకు" నేర్చుకోవాలి అంటాడు పౌలు. విధవరాండ్ర పోషణ గురించి చెప్తున్న సందర్భం అది, కానీ ఆ మాట గమనించారా, భక్తి! ఇంటివాళ్ల మీద ప్రేమ అనలేదు, బాధ్యత అనలేదు. భక్తి అంటే చేతులెత్తేది, మోకరించేది అనుకుంటాం మనం, ఆయన దాన్ని తీసుకెళ్లి ముసలివాళ్లని చూసుకోవడం దగ్గర పెట్టాడు, అదీ "మొదట" అని పెట్టాడు.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేం కాదు. 1522లో, ప్రొటెస్టెంట్ ఉద్యమానికి ఆద్యుడైన మార్టిన్ లూథర్ వివాహ జీవితం గురించి రాస్తూ ఒక తండ్రి బిడ్డ గుడ్డలు ఉతుకుతుంటే జనం చూసి నవ్వుతారు, ఆడంగి వెధవ అంటారు, కానీ అతను ఆ పని విశ్వాసంతో చేస్తుంటే దేవుడు తన దూతలందరితో కలిసి చిరునవ్వు నవ్వుతాడు, గుడ్డలు ఉతుకుతున్నందుకు కాదు, విశ్వాసంతో ఉతుకుతున్నందుకు అన్నాడు. సన్యాసమే పరిశుద్ధమైన జీవితం, సంసారం రెండో రకం అని నమ్ముతున్న కాలంలో ఆ మాట అనడం చిన్న విషయం కాదు. (ఆయనకి అప్పటికి పెళ్లి కాలేదు లెండి, 1525లో అయింది. ఉతికిన అనుభవంతో రాసింది కాదు.) తర్వాతి శతాబ్దంలో పారిస్‌లో బ్రదర్ లారెన్స్ అనే ఆయన, మఠంలో వంటింటి పని చేసేవాడు, ప్రార్థన చేసే టైమ్‌లో ఎంత ప్రశాంతంగా దేవుడితో ఉంటానో గిన్నెల చప్పుడు మధ్యలోనూ అంతే అనేవాడు. ఆయన గురించి అందరూ చెప్పేది ఇదే, కానీ నాకు ఇంకో విషయం ఎక్కువ నచ్చుతుంది, ఆయనకి స్వతహాగా వంటపని అంటే అస్సలు ఇష్టం ఉండేది కాదు. ఇష్టం లేని పనిలోనే పదిహేనేళ్ల పాటు దేవుణ్ణి వెతుక్కున్నాడు. కాబట్టి ఇంటిపని చేస్తుంటే ఆత్మలో ఆనందం పొంగి రావాలి, రాకపోతే నా విశ్వాసంలో ఏదో లోపం ఉంది అని కుమిలిపోయే అక్కచెల్లెళ్లు ఆ బాధ వదిలేయొచ్చు.

పిల్లల విషయంలో ఇంకో పొరపాటు చేస్తుంటాం. ఫ్యామిలీ ప్రేయర్ అంటే దాన్నొక ప్రోగ్రామ్ చేసేస్తాం, పాట, వాక్యం, ప్రార్థన, అది ఒక రోజు మిస్సైతే గిల్ట్. నేను దాన్ని మానేయమనను. కానీ ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయం చూస్తే దేవుని మాటలు పిల్లలకి ఎప్పుడు చెప్పాలంటే ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడుస్తున్నప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు అని ఉంది, అంటే ప్రత్యేకంగా టైమ్ ఏం ఇవ్వలేదు, ఆల్రెడీ ఉన్న టైమే ఇచ్చాడు. స్కూల్‌కి దింపేటప్పుడు బండి మీద వెనక కూర్చుని పిల్లాడు అడిగే ప్రశ్న ఉంటుంది చూడండి, చచ్చిపోయిన తాతయ్యకి మనం కనపడతామా లాంటిది, అసలు బైబిల్ స్టడీ అక్కడే జరుగుతుంది, మనమేమో ట్రాఫిక్ చూసుకుంటూ ఊ ఊ అంటాం.

ఇంగ్లండ్‌లో ఒక పాస్టర్ భార్య అయిన సుసన్నా వెస్లీ సంగతి దీనికి పూర్తిగా వేరుగా కనపడుతుంది, ఆవిడ గట్టి టైమ్‌టేబుల్ మనిషి. 19 మందిని కన్నది, దాదాపు సగం మంది పసితనంలోనే పోయారు, అప్పులు, ఇల్లు కాలిపోవడం, భర్తతో పడకపోవడం, అన్నీ ఉన్నాయి ఆ ఇంట్లో. అలాంటి ఇంట్లో ఒక్కొక్క బిడ్డతో విడిగా మాట్లాడటానికి వారంలో ఒక్కో సాయంత్రం పెట్టుకుంది, జాన్‌కి గురువారం. తర్వాత్తర్వాత మెథడిస్టు ఉద్యమానికి నాయకుడైన జాన్ వెస్లీ పెద్దవాడయ్యాక కూడా ఆ గురువారం సాయంత్రాల్ని గుర్తు చేసుకుంటూ తల్లికి ఉత్తరం రాశాడు. అంతమందిలో అమ్మ నాకోసమే కూర్చుంది అనేది ఆయనకి అన్నేళ్లు గుర్తుంది. ఫోన్ పక్కన పెట్టి ఒక్క బిడ్డ మొహం చూస్తూ ఇరవై నిమిషాలు కూర్చోవడం మనకి ఎంత కష్టమో ఒకసారి ట్రై చేసి చూడండి, నాకు ఏడో నిమిషంలోనే చెయ్యి ఫోన్ వైపు పోయింది.

ఇక పర్పస్ అనే మాట. దేవుడు నన్ను దేనికి పిలిచాడో తెలియట్లేదు అని బాధపడే యవ్వనస్థులు చాలామంది ఉంటారు, పిల్లలు పుట్టాక నా పరిచర్య (దేవుని సేవ) ఆగిపోయింది అనే తల్లులూ ఉంటారు. లూకా 3:23 ప్రకారం యేసు పరిచర్య మొదలుపెట్టేసరికి సుమారు ముప్పై ఏళ్లవాడు. అంతకుముందు జరిగిన దాన్లో సువార్తలు మనకి చెప్పింది చాలా తక్కువ, పన్నెండేళ్లప్పుడు దేవాలయంలో కనపడ్డాడు, తర్వాత నజరేతుకి వచ్చి అమ్మానాన్నలకి లోబడి ఉన్నాడు, అంతే, ఊళ్లోవాళ్లు ఆయన్ని వడ్లవాడు అనేవాళ్లు. లోకాన్ని రక్షించడానికి వచ్చినవాడు ఆయుష్షులో ఎక్కువ భాగం ఒక మామూలు ఇంట్లో, పేరు రాని పనిలో గడిపాడు. యొర్దాను నదిలో బాప్తిస్మం తీసుకుని బయటికి వచ్చినప్పుడు "నీవు నా ప్రియ కుమారుడవు, నీయందు నేనానందించుచున్నాను" అన్న స్వరం వినిపించేసరికి ఆయన ఇంకా ఒక్క ప్రసంగం చేసినట్టుగానీ ఒక్క అద్భుతం చేసినట్టుగానీ సువార్తల్లో లేదు. ఈ లెక్క నాకు ఎప్పుడు గుర్తొచ్చినా నా పరిచర్య ఆగిపోయింది అనే మాట మీద అనుమానం వస్తుంది.

అయితే ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, దాన్ని దాటేసి పోతే నేను అబద్ధం చెప్పినట్టే. కృతజ్ఞత అనే మాటని ఇళ్లల్లో నోరు మూయించడానికి కూడా వాడతారు. కొట్టే భర్త గురించి చెప్పుకుంటే "ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి అని ఉంది కదమ్మా" అనేస్తారు. అలా అనేవాళ్లు యోహాను సువార్త 11వ అధ్యాయం నెమ్మదిగా చదవాలి. చనిపోయిన స్నేహితుడు లాజరు సమాధికి వెళ్లే దారిలో యేసు కన్నీళ్లు విడిచాడు, అది 35వ వచనం. సమాధి దగ్గర తండ్రికి కృతజ్ఞతాస్తుతులు చెప్పాడు, అది 41. ముందు ఏడ్చాడు, ఆ ఏడుపుకి ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు. కీర్తనల్లో కూడా ఎంతవరకు ప్రభువా అని నిలదీసే పాటలు ఎన్ని లేవు. దెబ్బలు తినే మనిషికి ముందు కావాల్సింది భద్రత, స్తోత్రం గురించి పాఠం కాదు. ఏడవనివ్వని ఇంట్లో పలికే స్తోత్రం భయంతో పలికేదే.

కృతజ్ఞత మీద మానసిక శాస్త్రం వైపు నుంచి కూడా పని జరిగింది, 2003లో ఎమన్స్, మెకల్లో అనే ఇద్దరు పరిశోధకులు కొంతమంది చేత కృతజ్ఞత కలిగించిన విషయాలు, ఇంకొంతమంది చేత చిరాకు పెట్టిన విషయాలు రాయించి చూశారు, మొదటి గుంపువాళ్లు తమ జీవితం గురించి మెరుగ్గా ఫీలయ్యారని తేలింది. మంచిదే, రాసుకోండి. నాకున్న ఇబ్బంది ఒక్కటే, డైరీలో రాసుకుంటే ఫీలింగ్ బాగుపడేది రాసుకున్నవాడికి, వంటింట్లో ఉన్న మనిషికి ఆ డైరీ చేరదు. లూకా 17లో పదిమంది కుష్ఠరోగులు బాగయ్యారు, దారిలో అందరూ సంతోషించే ఉంటారు, మనసులో స్తోత్రం కూడా అనుకునే ఉంటారేమో. కానీ ఒక్క సమరయుడే వెనక్కి నడిచొచ్చి ఎదురుగా చెప్పాడు. "ఆ తొమ్మండుగురు ఎక్కడ?" అని యేసు అడిగింది రానివాళ్ల గురించి.

ఇదంతా ఆలోచించాక నేను భోజనం ముందు ప్రార్థన మార్చాను. ఈ వంట చేసిన చేతుల కోసం స్తోత్రం, పొద్దున్నుంచీ ఆమె పడ్డ శ్రమ కోసం స్తోత్రం అని పేరు పెట్టి మరీ చెప్పడం మొదలుపెట్టాను. ఒక పది రోజులు చూసింది మా ఆవిడ. పదకొండో రోజు ఆమెన్ అన్నాక వడ్డిస్తూ వడ్డిస్తూ, "రోజూ ఆయనకే చెప్తున్నారు, నేనిక్కడే ఉన్నాగా" అంది.

పిల్లలు నవ్వారు. నేను గిన్నె ఆమె చేతిలోంచి తీసుకుని, ముందు నువ్వు కూర్చో అన్నాను.