మారు అడగడం నేర్పండి

బడిలో అన్నం పారేసే పిల్లకు చెప్పాల్సిన మాటలు మన పెద్దలందరికీ కంఠతా వచ్చు. అన్నం పరబ్రహ్మ స్వరూపమంటాం, రైతు చెమట అంటాం, తిండి లేనివాళ్లను తలచుకోమంటాం. ఒకటో తరగతి పిల్ల అన్నీ విని బుద్ధిగా తలూపుతుంది. మరుక్షణం పళ్లెంలో మిగిలిన సగం అన్నం కుళాయి పక్కనున్న బకెట్‌లో గుమ్మరించి ఆటకు పరిగెత్తుతుంది. ఆ పిల్ల ఆకలికి రెట్టింపు వడ్డించింది మనమే. నెల్లూరు, ప్రకాశం జిల్లాల ప్రాథమిక పాఠశాలల్లో అన్నం వృథా తగ్గాలంటే పాఠం గరిటె దగ్గర మొదలవ్వాలని మా అభిప్రాయం.

కొలతలు చూద్దాం. మధ్యాహ్న భోజన పథకంలో ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ఒక్కొక్కరికి రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె కేటాయిస్తారు. ఆరు నుంచి ఎనిమిది తరగతులకైతే బియ్యం 150 గ్రాములు. అంటే ఆరేళ్ల పిల్లకూ, పదేళ్ల పిల్లవాడికీ లెక్క ఒక్కటే. వంద గ్రాముల బియ్యం ఉడికితే రెండున్నర నుంచి మూడు రెట్లవుతుంది, పావు కిలోకు తగ్గదు. ఐదో తరగతి పిల్లవాడు అది తిని ఇంకాస్త అడుగుతాడు. ఒకటో తరగతి పిల్ల, పొద్దున్నే రాగి జావ తాగిన రోజున, అందులో సగం తింటే గొప్ప. వంద గ్రాములనేది ఈ ఐదు తరగతులకూ కలిపి వేసిన ఒకే లెక్క. ఆ లెక్కనే ప్రతి పళ్లెంలోనూ సమంగా పోయడం దగ్గరే వృథా పుడుతోంది.

అరవై మంది పిల్లలున్న బడిలో తలా గుప్పెడు, అంటే 50 గ్రాముల అన్నం, వదిలేస్తారనుకుందాం. రోజుకు మూడు కిలోల అన్నం, బియ్యంగా చూస్తే కిలో పైచిలుకు. ఏడాదికి 220 పని దినాలు వేసుకుంటే దాదాపు 240 కిలోలు, పాతిక కిలోల బస్తాలు తొమ్మిదిన్నర. ఆ బియ్యానికి 360 కిలోల ధాన్యం ఆడించాలి. వరి పరిశోధకుల సగటు లెక్కలో కిలో ధాన్యం పండడానికి సుమారు 2,500 లీటర్ల నీరు కావాలి కాబట్టి, మొత్తం తొమ్మిది లక్షల లీటర్లు. పెన్నా కాలువల కింద ఉన్నవాళ్లకు ఇది అంకెగానే కనిపించవచ్చు. ఎండాకాలంలో ట్యాంకర్ కోసం బిందెలు వరసపెట్టే కనిగిరి, పొదిలి వైపు పిల్లలకు మాత్రం 5,000 లీటర్ల ట్యాంకర్లు 180 అని చెబితే వెంటనే తెలుస్తుంది. నాలుగో తరగతి గుణకారాలు, భాగహారాలకు ఇంతకంటే మంచి లెక్క దొరకదు.

ఇక చేయాల్సిన పని. ఒకటి, రెండు తరగతులకు వేరే గరిటె పెట్టండి. 200 మిల్లీలీటర్ల స్టీలు గ్లాసు నిండా వదులుగా తీస్తే సుమారు 150 గ్రాముల అన్నం వస్తుంది. చిన్నపిల్లలకు మొదటి వడ్డన అంతే. పెద్ద తరగతులకు ఎప్పటి గరిటే. వడ్డించే ముందు పిల్లను అడగాలి. నోరు విప్పని పిల్లలుంటారు కనుక చేతితో గుర్తులు నేర్పితే మేలు: పిడికిలి చూపిస్తే కొంచెం, అరచెయ్యి చాపితే పూర్తిగా. ఆ తర్వాత అన్నం గిన్నె పట్టుకుని వరసల మధ్య తిరుగుతూ మారు వడ్డించాలి. పిల్లలకు నేర్పాల్సింది ఒక్క వాక్యమే: కొంచెం పెట్టించుకో, తిన్నాక మళ్లీ అడుగు.

వినడానికి తేలికే గానీ, ఇది చెడిపోయే దారులు ఉన్నాయి. అన్నిటికంటే ప్రమాదం, రెండోసారి అడిగితే గిన్నె ఖాళీ కావడం. ఒక్కరోజు అలా జరిగితే చాలు, మర్నాటి నుంచి ప్రతి పిల్లా మొదటే నిండుగా పెట్టించుకుంటుంది. ఆ నమ్మకం తిరిగి రావడానికి వారాలు పడుతుంది. కాబట్టి మొదటి నెల వంట తగ్గించకూడదు, వడ్డన పద్ధతి మాత్రమే మార్చాలి. రెండో చిక్కు వడ్డించే చేతులది. ఎనభై మందికి ఇద్దరు వంటమ్మలుంటే వాళ్లు వరసల్లో రెండుసార్లు తిరగలేరు. ఐదో తరగతి పిల్లలకు వంతులు వేసి నీళ్ల గ్లాసులు, పళ్లేలు అప్పగిస్తే పెద్దవాళ్ల చేతులు గిన్నెకు ఖాళీ అవుతాయి. వేడి సాంబారు మాత్రం పిల్లల చేతికి ఇవ్వకూడదు. మూడోది, మారు అడిగిన పిల్లను ‘ఇందాకే పెట్టించుకోవచ్చుగా’ అని విసుక్కోవడం. ఆ విసుగు విన్న పిల్ల మళ్లీ అడగదు.

వృథాను తూచకుండా తగ్గించలేం. మొదటి వారం పిల్లలకు చెప్పకుండా తూచాలి, చెబితే ఆ వారం వాళ్లు మామూలుగా తినరు. రెండు బకెట్లు చాలు. తినదగినవి ఒకదాంట్లో, తినలేనివి రెండోదాంట్లో. కరివేపాకు, మునక్కాయ పిప్పి, గుడ్డు పెంకులు, చింతపండు తుక్కు రెండో బకెట్‌వి. వాటిని కలిపి తూస్తే మునక్కాయ సాంబారు పెట్టిన ప్రతి రోజూ పిల్లలు దోషులైపోతారు. మొదటి బకెట్ మీద చిల్లుల బుట్ట పెట్టి సాంబారు, మజ్జిగ కిందికి ఓడనివ్వాలి, లేకుంటే తూకమంతా నీళ్లదే. కుళాయికి నాలుగడుగుల దూరంలో పెట్టకపోతే పిల్లలు పళ్లెం కడిగిన నీళ్లూ అందులోనే పోస్తారు. బకెట్ బరువు ముందే తూచి పైన రాసుకోవాలి. గిన్నెలో అడుగున మిగిలిన అన్నం వేరుగా తూచాలి, ఎందుకంటే అది పిల్లల వృథా కాదు, వంట లెక్క తప్పడం. తిన్నవాళ్లు 58 మంది, బుట్టలో 3.2 కిలోలు అయితే తలకు 55 గ్రాములు. తేదీ, వంటకం, మంది, గ్రాములు, ఈ నాలుగూ నల్లబల్ల మూలన రోజూ రాస్తే రెండు వారాల్లో కథ తెలిసిపోతుంది.

ఆ కథ చాలాసార్లు వంటగది వైపు చూపిస్తుంది. పచ్చిమిరపకాయలు నిలువుగా చీల్చి కూరలో వేస్తే, వంకాయ ముక్క అనుకుని దాన్ని కొరికిన పిల్ల ఆ పూట కూర మొత్తం పక్కకు నెట్టేస్తుంది. అదే కారం నూరి కలిపితే, కాస్త తగ్గించి కలిపితే, అదే కూర ఖాళీ అవుతుంది. కారం విషయంలో మన రెండు జిల్లాల నాలుకకు ఉన్న పేరు ఆరేళ్ల పిల్లలకు వర్తించదు. తోటకూర పప్పులో కాడలు పీచు తీయకుండా వేస్తే పిల్లలు నమిలి ఉమ్మేస్తారు. సాంబారులో ముక్కలు పెద్దల నోటికి తగినంత కోస్తే పళ్లెం అంచున పేరుకుంటాయి.

గుడ్డు సంగతి మరీ చూడదగింది. వారానికి ఐదు గుడ్లిస్తున్నా, తెల్లసొన తిని పచ్చసొన పారేసే పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు. పారేసిన సొనను విరిచి చూడండి. చుట్టూ బూడిద పచ్చని పొర ఉంటే గుడ్డు అతిగా ఉడికినట్టు. తెల్లసొనలోని గంధకం, పచ్చసొనలోని ఇనుము కలిసి ఆ రంగు, ఆ వాసన వస్తాయి. నీళ్లు మరిగాక పది పన్నెండు నిమిషాలు ఉడికించి వెంటనే చల్లనీళ్లలో వేస్తే పొర రాదు, పెంకు కూడా సులువుగా ఊడుతుంది. పొయ్యి మీదే వేడినీళ్లలో గంటసేపు వదిలేయడం వల్లే ఈ తంటా. ఉడికించే ముందు నీళ్లలో వేసి పైకి తేలిన గుడ్లను తీసేయడం కూడా అలవాటు చేసుకోవాలి.

అన్నం విషయానికొస్తే, 2025 జూన్ నుంచి బడులకు సన్నబియ్యం వస్తోంది. పాత ముతక బియ్యానికి పోసిన ఎసరే దీనికీ పోస్తే ముద్దవుతుంది, అందులోనూ కొత్త బియ్యమైతే చెప్పక్కర్లేదు. మొలగొలుకుల బియ్యానికి పేరుపడ్డ నెల్లూరులో ఎసరు గురించి రాయాల్సి రావడం మాకూ కాస్త మొహమాటమే. కానీ ఇంట్లో కిలో బియ్యానికి తెలిసిన ఎసరు, ఆరు కిలోల గిన్నెకు అదే నిష్పత్తిలో పోస్తే ఎక్కువవుతుంది. పెద్ద గిన్నెలో ఆవిరయ్యే నీరు వంతుకు తక్కువ. కొత్త బస్తా విప్పినప్పుడల్లా ముందు కిలో బియ్యం వండి చూసుకోవడం మంచిది. బలవర్ధక బియ్యం వచ్చే చోట ఇంకో సమస్య ఉంది. ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి తయారుచేసిన గింజలను వందకు ఒకటి వంతున కలుపుతారు. రంగులో తేడాగా ఉండే ఆ గింజలను ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేస్తుంటారు. అవి తినదగినవేనని తల్లిదండ్రులకు గింజ చేతిలో పెట్టి చూపించాలి.

వేళ కూడా చూసుకోవాలి. బెల్లు కొట్టగానే అన్నం పెట్టి, తిన్నాక ఆడుకోమంటే పిల్లల మనసు మైదానంలోనే ఉంటుంది. పదిహేను నిమిషాలు ముందు ఆడనిచ్చి, చేతులు కడిగించి కూర్చోబెడితే ఆకలి నిలుస్తుంది. భోజనానికి ముందు ఆట పెట్టిన అమెరికా బడుల్లో పళ్లేల్లో వదిలేసే కూరలు, పండ్లు తగ్గాయని పరిశోధకులు చూపించారు. మనకు అక్కడి దాకా పోనక్కర్లేదు, ఒక వారం వేళ మార్చి చూసి బకెట్ తూస్తే తెలుస్తుంది. మార్చి మధ్యలో మొదలయ్యే ఒంటిపూట బడుల్లో పరిస్థితి వేరు. భోజనం చివర్లో ఉంటుంది, ఎండ ముదురుతుంటుంది, చాలామంది ఇంటికి పోవాలన్న తొందరలో ఉంటారు. ఆ రోజుల్లో పొద్దుటి హాజరు చూసి బియ్యం కొలవడం సరికాదు. తినేవాళ్లెవరో రెండో పీరియడ్‌లో చేతులెత్తించి లెక్కపెట్టి, అప్పుడు ఎసట్లో పోయాలి.

పళ్లెం ఖాళీ చేసినవాళ్లకు చప్పట్లు, బహుమతులు, తరగతుల మధ్య పోటీలు పెట్టే ఉత్సాహవంతులైన ఉపాధ్యాయులకు ఒక మనవి. పోటీ పెట్టిన మూడో రోజుకే అన్నం ప్రహరీ అవతలకు, కుక్కలకు, పక్క తరగతి బకెట్‌లోకి చేరుతుంది. కొందరు కూర పెట్టించుకోవడమే మానేస్తారు, పళ్లెం ఖాళీగా ఉంటుంది గదా! మింగేదాకా కదలనీయకపోతే కడుపు నిండిందన్న తన కబురు తనే వినని అలవాటు పిల్లకు పడుతుంది. కొత్త కూర అయితే చెంచాడు రుచి చూడమనాలి, అంతే. ఎనిమిది పది సార్లు నాలుకకు తగిలాక గానీ పిల్లలు కొన్ని కూరలను ఒప్పుకోరు. ముప్పై రకాలు వడ్డించి సగం ఆకులోనే మడిచే మన పెళ్లి భోజనాలకు ఆ పిల్లలూ వస్తుంటారన్నది పెద్దలు గుర్తుంచుకుంటే చాలు.

ఎంత చేసినా కొంత మిగులుతుంది. దాన్ని టిఫిన్ డబ్బాలో ఇంటికి పంపడం మన ఎండల్లో ప్రమాదం. వండిన అన్నం వెచ్చగా గంటల తరబడి ఉంటే అందులో పెరిగే సూక్ష్మజీవుల విషం మళ్లీ వేడిచేసినా పోదు. ఎంగిలి కానిది వెంటనే ఎవరికైనా పెట్టాలి. పశువులకు వేద్దామనుకుంటే కూరగాయల తొక్కలు నిశ్చింతగా వేయవచ్చు. అన్నం మాత్రం బకెట్లకొద్దీ ఒక్క గేదెకో ఆవుకో పెట్టకూడదు. పొట్టలో ఆమ్లం పెరిగి, ఉబ్బి, ప్రాణం మీదికి వస్తుంది. ఒంగోలు జాతిని పెంచే ఊళ్లలో పశువైద్యులు దీన్ని విందుల మర్నాడు చూస్తూనే ఉంటారు. మిగిలింది ఎరువు గుంతకు. మీటరు పొడవు, మీటరు వెడల్పు, ముప్పాతిక మీటరు లోతు చాలు. ఒక వంతు తడి చెత్తకు మూడు వంతులు ఎండుటాకులు, పైన పలచగా మట్టి. వాసన వస్తోందంటే ఆకులు చాలలేదని అర్థం. నూనె, సాంబారు కలిసిన అన్నం ఎక్కువ వేస్తే ఎలుకలు చేరతాయి. వారానికోసారి తిరగేస్తే రెండు మూడు నెలల్లో బడి తోటకు ఎరువు సిద్ధం.

చివరగా, అధికారులు తేల్చాల్సిన విషయం ఒకటుంది. హాజరును వంద గ్రాములతో గుణించి అంతా ఖర్చు రాసేసే అలవాటు ఉన్నంతకాలం, తక్కువ వండిన బడికి ఆ మిగులు చూపించే చోటు లేదు. పొదుపు చేసిన బియ్యం రిజిస్టర్‌లో నిల్వగా కనిపించాలి, వచ్చే నెల బియ్యం కోసం పంపే ఇండెంటులో తగ్గాలి. లేదంటే వృథా తగ్గించడమన్న మాట పక్కదారి పట్టే బియ్యానికి ముసుగవుతుంది. గుడ్డు, పప్పు, కూరల కొలతలో కోత పెట్టడానికి దీన్ని సాకుగా వాడనివ్వకూడదు, వాటిలో ప్రతి పిల్ల వాటా ఆ పిల్లకు అందాల్సిందే. నెలకు మూడు వేల రూపాయల గౌరవ వేతనంతో పొయ్యి దగ్గర నిలబడే వంటమ్మల మీద తూకం, లెక్క, వరస వడ్డన అన్నీ మోపకుండా, కాటా, రెండో గరిటె, చిల్లుల బుట్ట పాఠశాల యాజమాన్య కమిటీలు కొనివ్వాలి. గ్రాముల పట్టికను తల్లిదండ్రుల సమావేశంలో చదివి వినిపించే పని ఐదో తరగతి పిల్లలకే అప్పగించాలి.