గడ్డి సాలీడు ఆవులను చంపుతుందన్న ప్రచారం అబద్ధం

చిత్తూరు, పూతలపట్టు చుట్టుపక్కల పాడి రైతుల ఫోన్లలో కొద్ది రోజులుగా ఒక సందేశం తిరుగుతోంది. ఆఫ్రికా నుంచి వచ్చిన గడ్డి సాలీడు పచ్చిగడ్డి మోపుల్లో దాగి ఉందని, అది కరిస్తే మనిషి గంటలో చనిపోతాడని, గడ్డితో పాటు దాన్ని మేసిన ఆవు బతకదని, ఒంటి మీద పాకితే బొబ్బలు లేస్తాయని, అందువల్ల మేత మడులకు వెంటనే పురుగుమందు కొట్టాలని అందులో ఉంది.

మొదట ఆ సందేశంతో పాటు తిరుగుతున్న ఫొటో సంగతి. ఎండుగడ్డి రంగు ఒంటిపై నిలువునా ముదురు చార, పరక వెంబడి ముందుకూ వెనక్కూ చాచిన పొడవాటి కాళ్లు ఉన్న ఆ సాలీడు సూడోమైక్రోమేటా ప్రజాతిది (ప్రజాతి అంటే దగ్గరి పోలికలున్న జాతుల గుంపు). 1914లో యార్వి అనే శాస్త్రవేత్త పేరు పెట్టిన ఈ ప్రజాతిలోని లాంగిపెస్, విట్టిజెరా వంటి జాతులు ఆఫ్రికా గడ్డినేలల్లోనే బతుకుతాయి. మన కొట్టాల్లో తిరిగే పెద్ద గోధుమరంగు సాలీడు వీటి కుటుంబానిదే అయినా వేరే ప్రజాతి. 1767లో లిన్నేయస్ వర్ణించిన హెటిరోపోడా వెనటోరియా అది. గూడు అల్లి కాచుకోకుండా, రాత్రిపూట తిరిగి బొద్దింకలను పట్టి తింటుంది. పోయిన శనివారం రాత్రి మా కొట్టం గోడపై టార్చి వేస్తే, బిళ్లలాంటి గుడ్ల సంచిని రొమ్ము కింద పట్టుకున్న తల్లి సాలీడు కనిపించింది. చేయి దగ్గరికి తీసుకెళ్లినా అది మీదికి రాలేదు, పీతలా పక్కకు జరిగి దూలం సందులో దూరింది.

ఈ కుటుంబపు సాలీళ్లకు విషం ఉన్న మాట నిజమే, కానీ అది పురుగులను పడగొట్టడానికి. పట్టుకొని నలిపితే కరవవచ్చు. నొప్పి, కొంత వాపు వచ్చి సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతాయి.

ఆవు విషయం మరింత ముఖ్యం. సాలీడు విషం కోరల ద్వారా ఒంట్లోకి ఎక్కితేనే పనిచేస్తుంది, మేతతో కడుపులోకి పోతే జీర్ణమైపోతుంది. పచ్చిమేత మేసిన ఆవు ఆయాసపడి, వణికి, నిమిషాల్లో కూలిందంటే మొదట అనుమానించవలసింది లేత జొన్నను. కోసిన మోళ్ల నుంచి చిగిర్చిన జొన్నలో, వానలు లేక వాడిన లేత పైరులో సైనైడ్ విషం పుడుతుంది. మన పెద్దలు నాము అని భయపడింది దానికే. ఆ సమయంలో సాలీడు కోసం వెతుకుతూ కూర్చుంటే, పశువైద్యుడు విరుగుడు సూది వేసే అవకాశం చేజారిపోతుంది.

బొబ్బలకు కూడా సాలీడు కారణం కాదు. వానాకాలం దీపాల దగ్గరికి వచ్చే నలుపు, నారింజ రంగుల సన్నని పెడరస్ పురుగును చర్మంపై నలిపితే, దాని ఒంట్లోని ద్రవం ఒకటి రెండు రోజుల్లో గీతలా మంటపొక్కులు తెప్పిస్తుంది.

ఇక మందు కొట్టమన్న సలహా. పాలిచ్చే ఆవుకు రోజూ కోసి వేసే నేపియర్ గడ్డి మీద పురుగుమందు చల్లితే, అది నేరుగా ఆవు నోట్లోకి పోతుంది, పాలలోకీ చేరవచ్చు. ఇప్పటికే చల్లినవారు ఆ మోపులను గాడిలో వేయకుండా పక్కన పెట్టి, మళ్లీ ఎప్పుడు కోయవచ్చో పశువైద్యుడిని అడగండి.