రాబందు చచ్చేదాకా మందు ఆపరా?

పశువైద్యంలో రాబందులను చంపే నొప్పి మందులు ఆసిక్లోఫినాక్, కీటోప్రోఫెన్‌ల వాడకాన్ని 2023లో కేంద్రం నిషేధించినప్పుడు పక్షిప్రేమికులు సంతోషించారు. నాకు మాత్రం కోపమే వచ్చింది. ఆసిక్లోఫినాక్ పశువు ఒంట్లో చేరగానే డైక్లోఫినాక్‌గా మారుతుంది. పశువులకు డైక్లోఫినాక్ ఇవ్వరాదని 2006లోనే ఉత్తర్వులు వచ్చాయి. ఒకే విషాన్ని మరో పేరుతో ఇంకో 17 ఏళ్లు అమ్ముకోనిచ్చారన్నమాట.

1992 - 2007 మధ్య మన దేశంలో తెల్లవీపు రాబందులు 99.9 శాతం తగ్గిపోయాయి. కారణం పశువుల నొప్పి మందు డైక్లోఫినాకేనని 2004లో పాకిస్తాన్‌లో జరిగిన పరిశోధన తేల్చింది. మందు పడిన పశువు కళేబరాన్ని తింటే రాబందు మూత్రపిండాలు పాడవుతాయి, లోపలి అవయవాలపై యూరిక్ ఆమ్లం తెల్లగా పేరుకుంటుంది, రోజుల వ్యవధిలో ప్రాణం పోతుంది. నన్ను భయపెట్టేది ఎంత కొంచెం మందుతో ఇంత నాశనం జరిగిందన్నదే. నూటికి ఒక్క కళేబరంలో కూడా ఆ మందు ఉండనక్కర్లేదు, అంతకన్నా తక్కువైనా చాలు. ఒక్కో కళేబరం మీద పదుల పక్షులు వాలతాయి. ఈడు రావడానికే ఐదేళ్లు పట్టే ఈ పక్షి ఏడాదికి పెట్టేది ఒకే గుడ్డు. ఆ నష్టం ఎన్నటికి పూడాలి?

అందుకే గూళ్లకు కాపలా కాస్తే సరిపోదు. తెలంగాణలో బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట మీద గూడు కట్టిన పొడుగుముక్కు రాబందు మేత కోసం ప్రాణహిత నది దాటి ఎంత దూరమైనా పోగలదు. దారిలో ఏ ఊరి దుకాణం ఏ సూదిమందు అమ్మిందన్న దానిమీదే దాని ఆయుష్షు ఆధారపడి ఉంటుంది.

పశువు బాధపడుతుంటే రైతు చూస్తూ ఊరుకోవాలా అని అడిగేవారున్నారు. అక్కర్లేదు. మెలోక్సికామ్, టోల్ఫెనామిక్ ఆమ్లం రాబందులకు హాని చేయవని పరీక్షల్లో తేలింది. వాటిని వాడవచ్చు.

అసలు లోపం అనుమతుల పద్ధతిలో ఉంది. మందు ముందు బజారుకు వస్తుంది, పక్షులు చస్తాయి, పరిశోధకులు ఏళ్ల తరబడి రుజువులు పోగేస్తారు, అప్పుడు ఒక్క మందు ఆగుతుంది. మళ్లీ ఇంకో మందుతో మొదలు. నిరూపించే భారం చచ్చినవాళ్ల మీదే. కేరళలోని కాసరగోడ్‌లో జరిగిందీ ఇదే. జీడిమామిడి తోటలపై రెండు దశాబ్దాలకు పైగా ఎండోసల్ఫాన్ అనే పురుగుమందు చల్లారు. దేశమంతటా దాన్ని ఆపడానికి 2011లో సుప్రీంకోర్టు కల్పించుకోవలసి వచ్చింది. పక్షులే కదా అని తేలిగ్గా తీసుకునేవారు 2024లో వెలువడిన ఆర్థికవేత్తల అంచనా చూడాలి: తినే రాబందులు లేక కళేబరాలు కుళ్లి, కుక్కలు పెరిగి, నీళ్లు పాడై 2000 - 2005 మధ్య దేశంలో సుమారు 5 లక్షల మంది అదనంగా చనిపోయారు.

పశువుల నొప్పి మందు ఏదైనా సరే, రాబందుకు హాని లేదని కంపెనీ తన ఖర్చుతో నిరూపించాకే లైసెన్సు ఇవ్వాలి. ఇప్పటికే అమ్ముడవుతున్న వాటికీ ఇదే షరతు పెట్టాలి, రుజువు చూపేదాకా అమ్మకం ఆపాలి. మనుషుల డైక్లోఫినాక్ సూదిమందు పశువులకు మళ్లకుండా 2015లోనే సీసాను 3 మిల్లీలీటర్లకు కుదించారు. అది అమలవుతోందో లేదో డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు పల్లె దుకాణాల్లో తనిఖీ చేసి, ఆ వివరాలను జిల్లాలవారీగా ప్రజల ముందు పెట్టాలి.