గాలివాటం ప్రాక్టికల్

రీక్రిస్టలైజేషన్ గురించి మా ప్రాక్టికల్ పుస్తకంలో పావు పేజీ కూడా ఉండదు. మురికి పదార్థాన్ని మరిగే నీళ్లలో కరిగించాలి, వేడిగా ఉండగానే వడకట్టాలి, చల్లార్చాలి, వచ్చిన స్ఫటికాలను వేరు చేసి ఆరబెట్టాలి. అంతే. ఆ పుస్తకం రాసినాయన ఎవరో గానీ, ఆయన పనిచేసిన ల్యాబులో కుళాయి తిప్పితే నీళ్లొచ్చేవి, బర్నరు వెలిగిస్తే మండేది, కరెంటు పోయేది కాదు. మా కాలేజీలోనూ ఈ మూడూ ఉండేవి. ఒకే రోజున ఉండేవి కావు.

అది మార్చి నెల, మోడల్ ప్రాక్టికల్. తలా అయిదు గ్రాముల తెల్లటి పొడి ఇచ్చి, దీన్ని శుద్ధి చేసి, మెల్టింగ్ పాయింట్ చూసి, ఏ మూలకాలున్నాయో, ఏ ఫంక్షనల్ గ్రూపో తేల్చి, చివరికి పేరు చెప్పమన్నారు. పేరు మాకు ఉదయమే తెలుసు. బేసి నంబర్లకు బెంజోయిక్ ఆమ్లం, సరి నంబర్లకు ఎసిటనిలైడ్ అని అటెండరు బాబాయ్ సైకిల్ స్టాండు దగ్గరే చెప్పేశాడు. సీనియర్ల రికార్డుల్లోంచి మెల్టింగ్ పాయింట్లు కూడా దిగిపోయాయి: 122, 114. ఇక మిగిలింది ప్రయోగం చెయ్యడమే. అదెంతసేపు అనుకున్నాం.

మరిగే నీళ్లు వంద మిల్లీలీటర్లలో ఎసిటనిలైడ్ దాదాపు అయిదు గ్రాములు కరుగుతుంది. అవే నీళ్లు 25 డిగ్రీలకు చల్లారితే అర గ్రాము మాత్రం లోపల ఉండి, మిగతాదంతా తళతళలాడే రేకులై బయటికొస్తుంది. బెంజోయిక్ ఆమ్లానికి చన్నీళ్లంటే ఇంకా పడదు, అందులో మూడో వంతు గ్రామే నిలుస్తుంది. కిటుకంతా ఈ తేడాలోనే ఉంది. సరుకు ఎక్కువ కాబట్టి బయటపడుతుంది, మురికి కొంచెమే కాబట్టి నీళ్లలోనే ఉండిపోతుంది. బాగానే ఉంది, కానీ ఆ 25 డిగ్రీలు ఏ దేశానివో! మా ల్యాబు గోడకున్న థర్మామీటరు 38 దగ్గర కూర్చుంది.

అందుకని ఐస్ తెప్పించారు. ఐస్ అంటే ఫ్రిజ్‌లోది అనుకునేరు. గేటు బయట చెరకు రసం బండి దగ్గర, గోనెపట్టాలో ఊక కప్పి ఉంచిన దిమ్మ. బాబాయ్ దాన్ని సుత్తితో పగలగొట్టి టబ్బులో పోశాడు. బీకరును ఆ టబ్బులో పెట్టాలని అందరికీ అర్థమైంది, నా పక్క బెంచీ వాడికి తప్ప. వాడు ఐస్ ముక్క తీసి బీకరులోనే వేసేశాడు. స్ఫటికాలైతే చకచకా వచ్చాయి, వాటితో పాటు ఊక కూడా తేలింది. అదేమిట్రా అంటే, ఊక కూడా ఆర్గానిక్కే కదా అన్నాడు. ఇంకొకడికి ఎంతసేపటికీ స్ఫటికం రాలేదు. గాజు కడ్డీతో బీకరు లోపలి గోడను గీకితే వస్తాయని ఎవరో చెప్పారు. అది నిజమే, ఆ గీతల దగ్గర స్ఫటికాలు కట్టడం మొదలవుతుంది. వీడి చేతివాటం వల్ల స్ఫటికాల కంటే ముందు బీకరు అడుగు వచ్చింది.

పదకొండు గంటలకు కరెంటు పోయింది. దానికెవరూ బాధపడలేదు, అది రోజూ పోయే టైమే. వడకట్టిన స్ఫటికాలను ఫిల్టర్ పేపర్ల మీద పరిచి, మూలల్లో పెన్సిలుతో రోల్ నంబర్లు వేసి, గది మధ్యలో ఉన్న పెద్ద బల్ల మీద వరసగా పెట్టాం. కిటికీలోంచి వచ్చే వడగాలికి అవి ఆరుతుంటే, మేం చెమటలు తుడుచుకుంటూ అబ్జర్వేషన్ బుక్కులు పూర్తి చేస్తున్నాం. సన్నటి తెల్లటి రేకులు ఎండ పడి మెరుస్తున్నాయి. అంత మంచి పని మా బ్యాచ్ అంతకు ముందు చెయ్యలేదు, తర్వాత కూడా చేసిన గుర్తు లేదు.

ఆ బల్లకు సరిగ్గా పైన ఫ్యాను ఉంది. దాని రెగ్యులేటరు మీద ఒకటి నుంచి అయిదు దాకా అంకెలున్నా, పనిచేసేవి సున్నా, అయిదు మాత్రమే. కరెంటు పోయినప్పుడు ఫ్యాను స్విచ్ కట్టెయ్యడం మన ఇళ్లలోనే లేదు, ఇక కాలేజీలో ఎవరు కడతారు?

పన్నెండున్నరకు కరెంటు వచ్చింది. కరెంటు రాగానే "హే..." అని అరవడం మనకు పుట్టుకతో వచ్చిన విద్య. ల్యాబంతా ఒక్క గొంతుతో అరిచింది. ఆ అరుపు సగంలోనే ఆగిపోయింది.

ఫ్యాను మొదటి రెండు చుట్లూ మర్యాదగానే తిరిగింది. మూడో చుట్టుకు కాగితాల అంచులు లేచాయి. ఆ తర్వాత బల్ల మీద ఏమీ లేదు. సరి, బేసి తేడా లేకుండా సరుకంతా గాల్లో ఉంది. బెంజోయిక్ ఆమ్లం పొడి ముక్కులోకి పోతే ఏమవుతుందో పుస్తకంలో చదివి మర్చిపోయాం గానీ, ఆ రోజు నుంచి ఎవరూ మర్చిపోలేదు. గదంతా తుమ్ములు, దగ్గులు. తుమ్మినప్పుడల్లా బల్ల మీద మిగిలినది కూడా లేస్తోంది. బాబాయ్ పరిగెత్తుకొచ్చి స్విచ్ కట్టేసరికి, తెల్లగా, నిదానంగా, అందరి నెత్తిన దిగింది.

తర్వాత ఎత్తుకోవడం మొదలైంది. ఎవరి నంబరు కాగితం వాళ్లు వెతుక్కుని, దగ్గర్లో ఏది కనిపిస్తే అది దాని మీదికి ఊడ్చుకున్నారు. కాగితం ఎవరిది వాళ్లదే. దాని మీదున్నది ఎవరిదో ఆ పైవాడికే తెలియాలి. గాలి కిటికీ వైపు కొట్టడంతో అక్కడున్నవాళ్ల పంట పండింది. అయిదు గ్రాములు తీసుకున్న మనిషికి శుద్ధి చేశాక ఆరున్నర వచ్చింది. ద్రవ్యం పుట్టదు, నశించదు అని చెప్పిన లెవోయిజర్‌ను 1794లోనే గిలోటిన్ ఎక్కించేశారు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ అబ్జర్వేషన్ బుక్కు చూసి తానే ఎక్కేవాడు.

సార్ అప్పటికింకా రాలేదు. రెండూ తెల్లటివే, రెండూ మెరిసేవే, కాబట్టి ఏమీ జరగనట్టే ఉండిపోదామని తీర్మానం అయింది. ఫస్ట్ బెంచీలో కూర్చునే అమ్మాయి మాత్రం "తెలిసిపోతుందిరా" అంది. ఎవరూ వినలేదు.

మెల్టింగ్ పాయింట్ దగ్గరే కథ అడ్డం తిరిగింది. క్యాపిల్లరీ అనే సన్నటి గాజు గొట్టానికి ఒక కొన మంట మీద మూసి, రెండో కొనతో పొడిని అద్ది, తట్టి తట్టి అడుగుకు దించుతాం. దాన్ని థర్మామీటరు బల్బు పక్కన ఆనిస్తే, పారఫిన్ తడికి అదే అంటుకుని ఉంటుంది. పారఫిన్ నింపిన థీల్ ట్యూబుకు పక్కన చెయ్యిలా ఉండే గొట్టాన్ని సన్నటి సెగ మీద వేడి చేస్తూ కన్నార్పకుండా చూడాలి. శుద్ధమైన పదార్థమైతే చివరిదాకా బింకంగా ఉండి, ఒకటి రెండు డిగ్రీల తేడాలో మొత్తం కరిగిపోతుంది. మాది ఎనభై దాటగానే చెమర్చింది, తొంభైలో ఒక పక్కకు ఒరిగింది, వంద దాటాక కూడా ఇంకా కొంచెం మిగిలే ఉంది. రెండు పదార్థాలు కలిస్తే విడివిడిగా దేనిదైనా ఉన్న మెల్టింగ్ పాయింట్ కంటే తక్కువకే కరగడం మొదలవుతుందని, అదీ సాగదీసుకుంటూ కరుగుతుందని అంతకు ముందు వారమే నోట్స్ చెప్పారు. అయినా బుక్కుల్లో అందరూ 122, 114 అనే వేశారు. సీనియర్ల మీద ఉన్న గౌరవం అలాంటిది.

సార్ వచ్చారు. మొదట దొరికింది ఊక వేసినవాడు.

"ఏం కాంపౌండ్‌రా?"

"బెంజోయిక్ ఆమ్లం సార్."

"మూలకాలు?"

నైట్రోజన్ లాంటి మూలకాలున్నాయేమో చూసే సోడియం ఎక్స్‌ట్రాక్ట్ వాడు ఎంతో శ్రద్ధగా చేశాడు. పెసరగింజంత సోడియంతో ఇగ్నిషన్ ట్యూబు ఎర్రగా కాల్చి, డిస్టిల్డ్ వాటర్‌లో టప్పుమని పగలగొట్టి, మరిగించి, వడకట్టి, ఫెర్రస్ సల్ఫేట్ వేసి మళ్లీ మరిగించి, సల్ఫ్యూరిక్ ఆమ్లం చుక్కలు వేశాడు. ట్యూబు ఎత్తి చూపించాడు. ముచ్చటైన నీలం. ప్రష్యన్ బ్లూ.

"నైట్రోజన్ ఉంది సార్."

"బెంజోయిక్ ఆమ్లంలో ఏమేం ఉంటాయి?"

"కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ సార్."

"మరి ఈ నైట్రోజన్ ఎక్కడి నుంచి వచ్చింది?"

వాడు కొంచెం ఆలోచించి, "గాల్లోంచి సార్. గాలిలో 78 శాతం అదే కదా" అన్నాడు.

ఆ రోజు ఆ గదిలో సార్‌కు చెప్పిన మొదటి నిజం అదే. ఆయన నమ్మలేదు.

తర్వాతి బెంచీలో ఎసిటనిలైడ్. ఆయన స్వయంగా చిటికెడు తీసి సోడియం బైకార్బనేట్ ద్రావణంలో వేశారు. బుసబుసమని బుడగలు. ఆమ్లం కాని పదార్థం ఆమ్లం పనులు చేస్తోంది. సార్ ఏమీ అనలేదు. నాలుగు బెంచీలు చూశారు, అన్నిట్లోనూ ఎసిటనిలైడ్‌లోని నైట్రోజన్ తెచ్చిన నీలం, అన్నిట్లోనూ బెంజోయిక్ ఆమ్లం తెచ్చిన బుడగలు. ఒక ప్రాక్టికల్ బ్యాచ్ మొత్తం ఇంత ఐకమత్యంగా ఉండటం ఆయన సర్వీసులో చూసి ఉండరు. తల ఎత్తి పైకి చూశారు, విసుగ్గా. అక్కడ ట్యూబ్ లైటు పట్టీ మీద ఒక ఫిల్టర్ పేపరు ఇరుక్కుని వేలాడుతోంది. కళ్లజోడు సర్దుకుని, "పదిహేడు" అని చదివారు. "పదిహేడెవర్రా?"

పదిహేడు తలవంచుకుని నిలబడ్డాడు. మేమంతా ఫ్యాను వైపు చూశాం. సార్ కూడా చూశారు. ఆయనకింక ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

తిడతారనుకున్నాం. కుర్చీ లాక్కుని కూర్చుని, ఈ ఎసిటనిలైడ్ మందు ఎలా అయిందో తెలుసా అని అడిగారు. 1886లో స్ట్రాస్‌బర్గ్‌లో కాన్, హెప్ అనే ఇద్దరు డాక్టర్లు ఒక రోగికి నాఫ్తలీన్ ఇవ్వబోయారట. పొరపాటున వాళ్ల చేతికి వచ్చింది ఎసిటనిలైడ్. రోగి జ్వరం దిగిపోయింది. ఇదేదో బాగుందే అని ఆరా తీస్తే సరుకే వేరని తేలింది. యాంటీఫెబ్రిన్ పేరుతో అమ్మారు కూడా. కొందరు మనుషులు నీలిరంగుకు తిరుగుతున్నారని తెలిశాక దాని పలుకుబడి తగ్గింది. ఒంట్లోకి వెళ్లాక అది చాలావరకు పారాసెటమాల్‌గా మారుతుందని, అసలు పని చేసేది అదేనని 1948లో తేలింది. గుమ్మం దగ్గర నిలబడి వింటున్న బాబాయ్, "చూశారా, సీసాలు మారడం అన్ని ల్యాబుల్లోనూ ఉందన్నమాట" అని ఊపిరి పీల్చుకున్నాడు. ఆ రోజు సీసాలు ఏవీ మారలేదు, కానీ పాత లెక్కలు ఏవో ఉన్నట్టున్నాయి.

"సరే, మిశ్రమాన్ని వేరు చెయ్యడం ఎలాగూ మీ సిలబస్‌లో ఉంది. ఈ రోజే కానివ్వండి" అన్నారు సార్. ఫస్ట్ బెంచీ అమ్మాయి అప్పటికే పెద్ద బీకరులో బైకార్బనేట్ ద్రావణం కలిపి సిద్ధంగా ఉంది. ఇలాంటివాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరుంటారు, ప్రతి బ్యాచూ వాళ్ల వల్లే పాసవుతుంది.

అందరి కాగితాలూ అందులో దులిపాం. బెంజోయిక్ ఆమ్లం నురగలు కక్కుతూ సోడియం బెంజోయేట్‌గా మారి నీళ్లలోకి పోయింది. ఎసిటనిలైడ్‌కు ఆ గొడవతో సంబంధం లేదు, అలాగే మిగిలి వడపోత కాగితం మీద ఉండిపోయింది. కిందికి దిగిన నీళ్లలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే, బుడగలు సద్దుమణిగాక బెంజోయిక్ ఆమ్లం తెల్లగా గడ్డకట్టి మళ్లీ బయటికొచ్చింది. రెండింటినీ విడివిడిగా మళ్లీ మరిగే నీళ్లలోంచి తీశారు. ఊక ఈసారి వేడిగా వడకట్టేటప్పుడే కాగితం మీద ఆగిపోయింది. ఆరాక బాబాయ్ స్పాచులా పట్టుకుని గుళ్లో ప్రసాదం పంచినట్టు తలా చెంచాడు పెట్టాడు. ఇంకొంచెం వెయ్యి బాబాయ్ అని అడిగినవాళ్లు కూడా ఉన్నారు.

ఆరేదాకా మాత్రం పడిన పాట్లు చెప్పలేం. బాబాయ్ ఫ్యాను ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. కిటికీలన్నీ మూసేశాం. మార్చి ఎండ, మూసిన గది, వెలిగించి ఉన్న బర్నర్లు. ఎవరూ కాగితాల దగ్గర గట్టిగా మాట్లాడటం లేదు. సరిగ్గా అప్పుడే పదిహేడో నంబరు ముఖం ఒక రకంగా మారింది. కళ్లు మూతలు పడ్డాయి, నోరు తెరుచుకుంది, తల వెనక్కి వాలింది. బ్యాచ్ మొత్తం వాడి వైపే చూసింది. సార్ అంతటివారే "బయటికి పోరా!" అని లేచి నిలబడ్డారు. వాడు ముక్కు పట్టుకుని తలుపు తోసుకుంటూ వరండాలోకి పరిగెత్తాడు. వాడి తుమ్ము పక్కనున్న బోటనీ డిపార్ట్‌మెంటుకు కూడా వినిపించిందట.

సాయంత్రం మెల్టింగ్ పాయింట్లు 121కి ఒకటి, 113కి ఒకటి మొదలై, ఒక్క డిగ్రీలో తేలిపోయాయి. సార్ సంతకాలు పెడుతుంటే పదిహేడు అడిగాడు.

"ఈల్డ్ ఎంతని రాయాలి సార్?"

"నీకెంత వచ్చింది?"

"చెంచాడు సార్."

"అదే రాయి."