బాబ్ డోల్‌ను సొంత పార్టీయే ఓడించిన రోజు

2012 డిసెంబరు 4న రిపబ్లికన్ పార్టీ మాజీ సెనేటర్, 89 ఏళ్ల బాబ్ డోల్ చక్రాల కుర్చీలో అమెరికా సెనేట్‌కు వచ్చారు. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒప్పందానికి ఓటేయమని అడగడానికి వచ్చారు. సెనేటర్లు దగ్గరికొచ్చి పలకరించారు. ఆ తర్వాత 38 మంది రిపబ్లికన్లు వ్యతిరేకంగా ఓటేశారు. కావాల్సిన మూడింట రెండొంతుల మద్దతుకు ఐదు ఓట్లు తక్కువై ఒప్పందం వీగిపోయింది. కాదన్నవాళ్లలో డోల్ సొంత రాష్ట్రం కాన్సాస్ సెనేటర్లు ఇద్దరూ ఉన్నారు. ఆయన రాజకీయ జీవితంలో 1996 అధ్యక్ష ఎన్నికల ఓటమి కన్నా నన్ను ఎక్కువగా కలచివేసేది ఈ ఘట్టమే.

రెండో ప్రపంచ యుద్ధంలో, 1945 ఏప్రిల్‌లో ఇటలీ కొండల్లో తగిలిన గాయంతో ఆయన కుడి చెయ్యి చచ్చుబడింది. ఎవరైనా కరచాలనానికి చెయ్యి చాపుతారేమోనని ఆ పిడికిట్లో ఎప్పుడూ ఒక పెన్ను పెట్టుకునేవారు. గాయపడిన తేదీ ఏప్రిల్ 14. 1969లో సరిగ్గా అదే రోజున సెనేట్‌లో తొలి ప్రసంగం చేశారు, వికలాంగుల గురించి. 1990 నాటి వికలాంగుల చట్టం గట్టెక్కడంలో ఆయన పాత్ర పెద్దది.

అలాగని మెత్తటి మనిషేమీ కాదు. 1965లో వృద్ధుల వైద్య బీమా పథకం మెడికేర్‌కు వ్యతిరేకంగా ఓటేశారు. ప్రభుత్వ ఖర్చంటే ఆయనకు అనుమానమే. కానీ 1977లో డెమొక్రాట్ జార్జ్ మెక్‌గవర్న్‌తో కలిసి, పేదలు చేతి డబ్బు కట్టకుండానే ఫుడ్ స్టాంపులు (ఆహారం కొనుక్కోవడానికి ప్రభుత్వమిచ్చే కూపన్లు) అందుకునేలా చేశారు. కాన్సాస్ గోధుమ రైతుకూ అందులో లాభముందన్నది నిజమే. రైతు గిట్టుబాటునూ పేదవాడి ఆకలినీ ఒకే చట్టంలో కలపగలగడమే ఆయన సంప్రదాయవాదంలోని బలం. ప్రత్యర్థితో కూర్చోవడాన్ని లొంగుబాటుగా చూసే పార్టీకి ఆ విద్య పట్టుబడదు.

పార్టీ అలా మారడంలో డోల్ బాధ్యత లేదనలేం. 2016లో ట్రంప్‌కు మద్దతిచ్చారు. మాజీ అధ్యక్ష అభ్యర్థుల్లో ఆ ఏడాది పార్టీ మహాసభకు వెళ్లింది ఆయనొక్కరే. పార్టీ విధేయత ఆయన్ను అక్కడిదాకా తీసుకెళ్లింది. ఆయన్ను గౌరవించేవాడిగా ఈ మాట రాయడం నాకు కష్టంగానే ఉంది.

2012లో వీగిపోయిన ఒప్పందానికి స్ఫూర్తి అమెరికా 1990 చట్టమే. భారత్ దాన్ని 2007లోనే ధ్రువీకరించింది. 2021 డిసెంబరులో డోల్ కన్నుమూసే నాటికి కూడా అమెరికా ధ్రువీకరించలేదు.