క్వార్టర్ సీసాకు ఒక స్వామి రాయునది

మహారాజశ్రీ క్వార్టర్ సీసా గారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నా గానీ, మనిద్దరం ఒకేసారి కుశలంగా ఉన్న రోజు ఒక్కటీ గుర్తు రాలేదు. నువ్వు నిండుగా ఉంటే నాకు టెన్షన్, నేను నిండుగా ఉంటే నువ్వు మురిక్కాలవలో.

ఉన్నది 180 మి.లీ. అయినా బండి డిక్కీలో, బియ్యం డ్రమ్ములో, చొక్కా లోపల, ఎక్కడైనా సర్దుకుపోతావు. మా ఇంట్లో అంత సర్దుకుపోయే గుణం ఇంకెవరికీ లేదు. పైగా నిజాయితీపరుడివి. 42.8 శాతం ఆల్కహాల్ అని ఒంటి మీదే రాసుకుంటావు, ఆరోగ్యానికి హానికరమనీ రాసుకుంటావు. అబద్ధాలన్నీ నేనే ఆడాను.

అందులో పెద్దది అయ్యప్ప మాల. ఏటా కార్తీకంలో నల్ల బట్టలు, తెల్లారుజామున చన్నీళ్లు, కాళ్లకి చెప్పుల్లేవు, 41 రోజులు నీ మొహం చూసేవాణ్ణి కాదు. "చూడమ్మా, తాగుబోతైతే ఇన్నాళ్లు ఉండగలడా?" అని అమ్మని దబాయించేవాణ్ణి. 42వ రోజు కొండ దిగొచ్చి, ఆమె చేతే మాల తీయించుకుని, అరవణ డబ్బా ఆమె చేతిలో పెట్టి, అదే బండి మీద నీ దగ్గరికి వచ్చేవాణ్ణి. నువ్వు ఒక్కసారి కూడా ఆలస్యమైందేమని అడగలేదు.

నాలుగేళ్ల కిందట లెక్క తప్పింది. అప్పటికి పొద్దున్నే నీలోంచి రెండు గుక్కలు పడితే గానీ చెయ్యి బ్రష్ పట్టే స్థితిలో లేదు. అలాగే మాల వేసుకున్నా. మర్నాడు హారతి పళ్లెం నా చేతిలో గడగడలాడుతుంటే భక్తి అన్నారు. మూడో రాత్రి భజన మధ్యలో గోడ మీద చీమల బారు కనిపించింది, చీమలకి మొహాలున్నాయి, ఒకటైతే అచ్చం మా మేనత్త. కేకలు పెట్టి, చెమటతో తడిసి ముద్దయి, అడ్డొచ్చిన వాళ్లందర్నీ తోసేశానట. నా ఒంట్లోకి స్వామి వచ్చాడని గురుస్వామి కుంకుమ పూసి కొబ్బరికాయ కొట్టించాడు. వరసలో నిలబడ్డ ఒకాయన కూతురి పెళ్లెప్పుడవుతుందని అడిగితే మాఘమాసంలో అన్నానట. అయింది కూడా, ఆయన ఇప్పటికీ నాకు దణ్ణం పెడతాడు.

అమ్మ మాత్రం దణ్ణం పెట్టలేదు. "ఇది స్వామి కాదు, సారా. వీళ్ల నాయనకీ ఇట్నే అయింది, ఆటో పిలవండి" అంది. ఆమెకి నీ వంశమంతా తెలుసు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద లేచినప్పుడు, మాదీ ఆ నెల్లూరు జిల్లానే కదా, చీపురు పట్టుకుని ప్యాకెట్లు అమ్మే కొట్టు ముందు కూర్చున్న మనిషి. 1993 అక్టోబరు 1న సారా పోయింది, 1995లో మద్యనిషేధమొచ్చి నువ్వూ పోయావు, 1997లో నువ్వొక్కడివే లైసెన్సుతో తిరిగొచ్చావు. ఆమె ఊరు దాటించిన దాన్ని నేను డిక్కీలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను.

ఆస్పత్రిలో డాక్టరు తిడతాడనుకున్నా. "మానాలనుకోవడం మంచిదే, కానీ ఇంత తాగేవాడు గుళ్లో మానకూడదయ్యా, ఆస్పత్రిలో మానాలి" అన్నాడు. మందు ఏళ్ల తరబడి మెదడుకి బ్రేకు వేస్తుంటే మెదడు యాక్సిలరేటర్ తొక్కి అలవాటు పడుతుందట, బ్రేకు ఒక్కసారిగా తీసేస్తే బండి ఆగదు. ముందు వణుకు, ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకి ఈ చీమలు, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. అందుకే మాత్రలిచ్చి మెల్లగా దించుతారు, బి1 విటమిన్ సూది వేస్తారు. ఒట్లు, తాయెత్తులు, బస్టాండు గోడ మీద "తాగేవారికి తెలియకుండా మాన్పించబడును" పోస్టర్లు, అన్నీ చూసిన మాకు ఈ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. నీ లేబుల్ మీద కూడా లేదు, చోటు చాల్లేదేమో.

తర్వాత వెంటనే మారిపోయానని రాస్తే నువ్వే నవ్వుతావు. రెండుసార్లు మళ్లీ నీ దగ్గరికొచ్చా, రెండోసారి మా బావమరిది పెళ్లిలో. ఇప్పుడు ఆదివారం ఆదివారం ఒక మీటింగ్‌కి పోతున్నా. 1935లో అమెరికాలో ఒక షేర్ల వ్యాపారీ ఒక సర్జనూ, ఇద్దరూ తాగుబోతులే, ఒకరితో ఒకరు మాట్లాడుకుంటే ఆ పూటకి గండం గడుస్తోందని కనిపెట్టి మొదలెట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ అది. మా దాంట్లో ఆటో డ్రైవరున్నాడు, రిటైరైన లెక్కల మాస్టారున్నాడు. టీ అయితే దారుణం. నా పక్కన కూర్చునే ఆయనకి కనిపించినవి చీమలు కాదు, బల్లులు. తెగ నవ్వుకున్నాం.

పద్నాలుగు నెలలైంది. ఈ కార్తీకంలో మళ్లీ మాల వేసుకుంటున్నా, ఈసారి ఎవరికీ ఏదీ రుజువు చెయ్యడానికి కాదు, కొండంటే ఇష్టం కాబట్టి. 42వ రోజుకి అమ్మ మామిడికాయ వేసి చేపల పులుసు చేస్తానంటోంది. ఆ రోజుల్లో మామిడికాయ ఎక్కడ దొరుకుతుందే అంటే వినదు, ఇప్పట్నుంచే కూరగాయల బండివాడికి చెప్పి పెట్టింది.

ఇట్లు,
చీమల స్వామి